పెట్టె మీది అంకె, పడకగదిలో అంకె

(ఇంటి వైఫై పరికరాలను పరీక్షించుకోవడం గురించి ఒక ఆదివారం సభలో నెట్‌వర్క్ టెస్టింగ్ ఇంజనీర్ ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర కొన్ని ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినిపిస్తోందా? సరే.

మొదట నేనే ఒక ప్రశ్న అడుగుతాను. మీ ఇంట్లో వైఫై స్పీడ్ ఎంత అంటే ఠక్కున ఒక అంకె చెప్పగలిగేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఆ అంకె ఎక్కడ చూశారు? ఫోన్లో స్పీడ్ టెస్ట్ యాప్. ఇంకా? రూటర్ పెట్టె మీద. (నవ్వులు)

ఈ రెండు అంకెలూ అబద్ధం కావండి. కాకపోతే మీరు అడిగింది ఒకటి, అవి చెప్పేది ఇంకొకటి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. రూటర్ బాగుందో లేదో తేలాలంటే, మీ ఇంట్లో నెట్ అన్నిటికంటే అధ్వాన్నంగా ఉండే గదిలో, అధ్వాన్నంగా ఉండే వేళలో కొలవాలి. అది కూడా దారిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని విడిగా కొలవాలి.

ముక్కలు ఎందుకంటే, స్పీడ్ టెస్ట్ నొక్కగానే ఏం జరుగుతుందో చూడండి. డేటా ఫోన్ నుంచి గాల్లో రూటర్‌కి వెళ్తుంది. రూటర్ నుంచి ఫైబర్ బాక్స్‌కి, అంటే ఓఎన్‌టీకి. చాలా ఇళ్లలో ఈ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. అక్కణ్నుంచి ఫైబర్ మీద మీ కంపెనీ వాళ్ల దగ్గరకి, అక్కణ్నుంచి ఎక్కడో ఉన్న సర్వర్‌కి. ఈ మొత్తం దారిలో బాగా ఇరుకైన చోటు ఏదైతే ఉందో, యాప్ చూపించే అంకె దానిది. ఆ ఇరుకు ఎక్కడుందో మాత్రం యాప్ చెప్పదు. మీది 100 ఎంబీపీఎస్ ప్లాన్ అనుకోండి. పాత రూటర్‌తో హాల్లో 94 వచ్చేది. కొన్ని వేలు పోసి కొత్తది కొన్నారు, దాంతోనూ 94 వచ్చింది. కొత్త రూటర్ దండగైనట్టా? అసలు మీరు రూటర్‌ని పరీక్షించనే లేదు. ప్లాన్‌ని పరీక్షించారు, అది పాసైంది.

ఇక పెట్టె మీది అంకె సంగతి. దీని దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. ఏఎక్స్3000 అని రాసి ఉంటుంది. ఈ 3000 ఎక్కడిది? రూటర్ రెండు బ్యాండ్‌లలో, అంటే రెండు రకాల రేడియో తరంగాల మీద మాట్లాడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 574, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 2402. రెండూ కలిపితే 2976, దాన్ని రౌండ్ చేసి 3000 అన్నారు. మీ ఫోన్ మామూలుగా ఒక సమయంలో ఒక బ్యాండ్‌కే కనెక్ట్ అవుతుంది. అంటే ఆ కూడిక ఫలితం మీకు ఎప్పుడూ అందేది కాదు. పోనీ 2402 అయినా వస్తుందా? దానికి 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్, అంటే ఆ బ్యాండ్‌లో అంత వెడల్పు దారి కావాలి. రూటర్‌కి ఉన్నా, చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగిపోతాయి. అప్పుడది సగానికి, 1201కి దిగుతుంది. అదీ లింకు రేటు మాత్రమే, అంటే రూటర్, ఫోన్ మాట్లాడుకోవడానికి ఒప్పుకున్న వేగం. గాల్లో ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. మాట్లాడేముందు ఖాళీగా ఉందో లేదో వినాలి, పంపాక అందిందన్న కబురు కోసం ఆగాలి. ఈ ఖర్చులన్నీ పోను, మంచి పరిస్థితుల్లో లింకు రేటులో 60, 70 శాతం చేతికొస్తుంది. అంటే 3000 అని కొన్న పెట్టె నుంచి, అదే గదిలో కూర్చున్న మీ ఫోన్‌కి 700 నుంచి 850 వస్తే ఆ పెట్టె చాలా చక్కగా పనిచేస్తున్నట్టే. దాని మీద అలిగి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయక్కర్లేదు.

ఇంతకంటే పెద్ద చిక్కు పెట్టె వెనకాల ఉంటుంది. తక్కువ ధరలో దొరికే ఏసీ1200 రూటర్లు చూడండి. గాల్లో 867 అంటారు. వెనక్కి తిప్పితే తీగ గుచ్చే పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. ఇంటర్నెట్ లోపలికొచ్చేది ఆ పోర్టులోంచే కదా! గాల్లో మీరెంత స్పీడుతో కనెక్ట్ అయినా, బయటి నుంచి వచ్చేది 94 దాటదు. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి నెలనెలా డబ్బు కడుతూ, ఇలాంటి రూటర్ వల్ల అందులో సగం కూడా వాడుకోలేని ఇళ్లు ఉన్నాయి. స్పెసిఫికేషన్లలో ‘10/100’ అని ఉంటే ఇదే సంగతి. ‘10/100/1000’ అనో ‘గిగాబిట్’ అనో ఉండాలి. యాడ్‌లో ఎన్ని యాంటెనాలు ఉన్నాయో పెద్ద అక్షరాల్లో వేస్తారు, ఈ సంగతి అడుగున సన్న అక్షరాల్లో ఉంటుంది.

పోర్టు గిగాబిట్‌దే అయినా తీగ మోసం చేయొచ్చు. 100 ఎంబీపీఎస్‌కి తీగలోని ఎనిమిది పోగుల్లో నాలుగు చాలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. తీగ వేసిన కుర్రాడు తొందరలో క్రింపింగ్, అంటే తీగ చివర ప్లగ్గు బిగించడం, సరిగ్గా చేయక ఒక్క పోగు అందకపోయినా, రెండు పక్కలా పరికరాలు మాట్లాడుకుని నోరు మెదపకుండా 100కి దిగిపోతాయి. మీకు ఏ ఎర్రర్ మెసేజీ రాదు. అందుకే వైఫై పరీక్ష తీగతో మొదలవ్వాలి.

ఎలా చేయాలో చెప్తాను. ఐపెర్ఫ్3 అని, రెండు పరికరాల మధ్య డేటా ఎంత వేగంగా వెళ్తుందో కొలిచే ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. అమెరికాలో శాస్త్ర పరిశోధనా కేంద్రాలను కలిపే ఈఎస్‌నెట్ వాళ్లు దాన్ని నడుపుతున్నారు. రెండు కంప్యూటర్లు కావాలి. ఒకటి రూటర్‌కి తీగతో కలిపి దాంట్లో ఐపెర్ఫ్‌ని సర్వర్‌గా పెట్టండి. రెండోదాన్ని క్లయింట్‌గా పెట్టండి. ఫోన్లో ఐపెర్ఫ్ నడిపే యాప్‌లు కూడా ఉన్నాయి. ఇప్పుడు డేటా మీ ఇంట్లోనే తిరుగుతుంది. ఇంటర్నెట్‌తో పని లేదు, ఫైబర్ పీకేసినా పరీక్ష నడుస్తుంది.

మొదటిసారి రెండో కంప్యూటర్‌ని కూడా తీగతోనే కలపండి. గిగాబిట్ పోర్టులైతే 940 దగ్గర రావాలి. 94 వస్తే పోర్టో తీగో 100ది. 500, 600 దగ్గర కొట్టుకుంటుంటే ఆ కంప్యూటర్‌కే ఓపిక చాలడం లేదన్నమాట. ఈ సంగతి తేల్చకుండా వైఫై కొలిస్తే, లాప్‌టాప్ తప్పు రూటర్ మీదకి పోతుంది. తీగ మీద 940 వచ్చాక రెండోదాని తీగ తీసేసి వైఫైకి మారండి. ఇక నుంచి వచ్చే తేడా అంతా గాలిదే.

ఇక్కడ కొత్తవాళ్లు తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. ఐపెర్ఫ్ మామూలుగా క్లయింట్ నుంచి సర్వర్‌కి పంపుతుంది, అంటే అప్‌లోడ్‌ని కొలుస్తుంది. డౌన్‌లోడ్ కావాలంటే కమాండ్ చివర హైఫన్ పెట్టి క్యాపిటల్ ఆర్ చేర్చాలి. సర్వర్‌గా పెట్టిన విండోస్ కంప్యూటర్‌లో ఫైర్‌వాల్ అడ్డుపడుతుంది, అనుమతి ఇవ్వాలి. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంటే పరికరాలు ఒకదానికొకటి కనబడవు. లాప్‌టాప్‌ని ఛార్జర్ మీద ఉంచండి, బ్యాటరీ మీద ఉంటే కొన్ని వైఫైని కూడా పొదుపు చేస్తాయి. 2.4కీ 5కీ ఒకే పేరు ఉంటే ఫోన్ ఏ బ్యాండ్‌కి వెళ్లిందో మీకు తెలియదు. కాబట్టి పరీక్ష జరిగినంతసేపూ రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. మామూలు స్పీడ్ టెస్ట్ చేసేవాళ్లకి ఇంకొక జాగ్రత్త. వైఫై బలహీనంగా ఉంటే కొన్ని ఫోన్లు మీతో చెప్పకుండా మొబైల్ డేటాకి మారిపోతాయి. పడకగదిలో వైఫై అద్భుతం అని మనం మురిసిపోతుంటాం, ఆ స్పీడు సిమ్ కార్డుది! ముందు ఏరోప్లేన్ మోడ్ వేసి, తర్వాత వైఫై ఒక్కటే ఆన్ చేయండి.

ఒక్కో కొలత ఒక నిమిషం నడవనివ్వండి. ఐపెర్ఫ్ మామూలుగా పది సెకన్లకే ఆగిపోతుంది, అది చాలదు. సెకనుకొక వరస చూపిస్తుంది కదా, చివరి సగటు కంటే ఆ వరసల్ని చూడటం ముఖ్యం. 300, 310, 295 అని నడిచే రూటర్, 600 చూపించి మధ్యమధ్యలో సున్నాకి పడిపోయే రూటర్ కంటే మేలు. సగటు లెక్కేస్తే రెండోదే గెలుస్తుంది. వీడియో కాల్‌లో మాత్రం మొదటిదే గెలుస్తుంది. ఒకే చోట కనీసం మూడుసార్లు చేసి, మధ్యలో వచ్చిన అంకె రాసుకోండి. మనవాళ్లు ఎక్కువొచ్చిందే స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. (నవ్వులు)

ఇప్పుడు చోటు సంగతి. ఫైబర్ వేసేవాళ్లు డబ్బా ఎక్కడ పెడతారు? గుమ్మం పక్కన, చెప్పుల స్టాండ్ పైన. లేదంటే మీటర్ బోర్డు దగ్గర. వాళ్లకి తీగ అక్కడే ముగుస్తుంది కాబట్టి. మీరు పడుకుని ఫోన్ చూసే చోటు దానికి ఇంటి అవతలి మూల. మధ్యలో ఏమున్నాయి? ఒక ఇటుక గోడ, ఒక కాంక్రీటు పిల్లర్, దాన్నానించి నిలువెత్తు ఇనప బీరువా, బీరువాకి అద్దం.

సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు. ముందు మైనస్ ఉంటుంది, కాబట్టి చిన్న అంకె మంచిది. రూటర్ పక్కన మైనస్ 35, 40. మైనస్ 67 దాకా వీడియో కాల్‌కి ఢోకా ఉండదని ఈ రంగంలో ఒక మోటు లెక్క. మైనస్ 75 దాటితే తడబాటు, 80ల్లోకి వెళ్తే కనెక్షన్ ఉన్నట్టే కనిపించి పని జరగదు. ఈ కొలమానంలో 3 తగ్గితే బలం సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతు. మైనస్ 50 నుంచి మైనస్ 80కి వెళ్తే వెయ్యో వంతు అన్నమాట. చెక్క తలుపు 3, 4 డీబీ తినేస్తుంది. ఇటుక గోడ మందాన్ని బట్టి, బ్యాండ్‌ని బట్టి 6 నుంచి 10 తినొచ్చు. ఇనుప చువ్వలున్న కాంక్రీటు 15, 20 తీసుకున్నా ఆశ్చర్యం లేదు. 2.4 కంటే 5 గిగాహెర్ట్జ్‌కి ఈ గోడల దెబ్బ ఎక్కువ. ఇనప బీరువా అయితే అటువైపు పోనీయదు, వెనక్కి తిప్పికొడుతుంది. మేడ మీద గదికి సిగ్నల్ అందడం లేదంటే కారణం దూరం కాదు, స్లాబు.

డీబీఎం ఎక్కడ చూడాలంటే, ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ రకం యాప్‌లు ఉన్నాయి. మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని పైనున్న వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే వస్తుంది. ఫోన్ పైన కనిపించే గీతల్ని నమ్మకండి. మూడు గీతలంటే ఎంతో ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంది.

ఒక తమాషా చెప్తాను. లాప్‌టాప్‌ని ఒక చోట పెట్టి కొలవండి. అక్కడే, జరపకుండా, నాలుగోవంతు తిప్పి మళ్లీ కొలవండి. అంకె మారిపోతుంది. గోడల నుంచి తిరిగొచ్చిన అలలు ఒకచోట కలిసి బలపడతాయి, జానెడు పక్కన ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ల్యాబుల్లో దీనికోసమే తిరిగే బల్ల ఉంటుంది. బ్రాడ్‌బ్యాండ్ ఫోరం అనే సంస్థ 2019లో టీఆర్-398 అని ఒక పరీక్షా విధానం విడుదల చేసింది. ఇళ్లలో పెట్టే వైఫై పెట్టెల కోసమే రాసింది. అందులో దూరాన్ని బట్టి స్పీడ్ ఎలా పడిపోతుంది, పరికరాన్ని అన్ని దిక్కులకీ తిప్పితే ఎంత నిలకడగా ఉంటుంది, చాలామంది ఒకేసారి వాడితే ఏమవుతుంది, పక్కన ఇంకో వైఫై ఉంటే ఎలా తట్టుకుంటుంది, ఇలా చాలా ఉన్నాయి. బయటి సిగ్నల్ చొరబడని ఇనప గదిలో చేస్తారు. దూరం కోసం ఎవరూ నడవరు, అటెన్యుయేటర్ అనే పరికరంతో సిగ్నల్‌ని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతారు.

ఇనప గది ఎందుకంటే, అక్కడ ఇవాళ వచ్చిన అంకె రేపూ వస్తుంది. రెండు రూటర్లని న్యాయంగా పోల్చాలంటే అదే దారి. కానీ ఆ అంకె మీ ఇంటికి వర్తించదు. ఆ గదిలో పక్క ఫ్లాట్ వాళ్లు ఉండరు.

పక్క ఫ్లాట్ వాళ్లంటే గుర్తొచ్చింది, వేళ సంగతి. మధ్యాహ్నం మూడింటికి కొలిచిన అంకె రాత్రి తొమ్మిదింటికి రాదు. అపార్ట్‌మెంట్‌లో నిలబడి స్కాన్ చేస్తే పాతిక, ముప్పై నెట్‌వర్క్‌లు కనిపించడం మామూలే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఆ ముప్పై ఇళ్లూ ఈ మూడింట్లోనే సర్దుకోవాలి. ఐపీఎల్ రోజుల్లో సాయంత్రం అన్ని ఇళ్లలోనూ మ్యాచే. ఎవరైనా తెలివిగా 3నో 4నో ఎంచుకుంటే అటు 1వాళ్లకీ ఇటు 6వాళ్లకీ అడ్డమే, తనకీ సుఖం లేదు. 5 గిగాహెర్ట్జ్‌లో ఇంత ఇరుకు లేదు. మన దేశంలో 2018 అక్టోబరులో ఆ బ్యాండ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు అవసరం లేకుండా వదిలారు. గోడలు దాటలేకపోవడం కూడా దానికి ఒకరకంగా మేలే, పక్కింటిది మనింటికి రాదు.

వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ రకం ఓవెన్లు కరెంటు అలలో ఒక సగంలోనే శక్తిని వదులుతాయి. అంటే సెకనుకి 50 సార్లు గొడవ, మధ్యమధ్యలో మౌనం. ఆ మౌనంలో వైఫై కొంత పని చేసుకుంటుంది. అందుకే నెట్ ఆగిపోదు, నత్తనడక నడుస్తుంది. అన్నం వేడిచేస్తూ ఒక నిమిషం ఐపెర్ఫ్ పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పరీక్ష. పరీక్షించేటప్పుడు అందరూ తమ దగ్గరున్న మంచి లాప్‌టాప్‌తోనే కొలుస్తారు. ఇంట్లో ఉన్న పాత టీవీ స్టిక్, గేటు దగ్గర కెమెరా, తాతగారి ఏడేళ్ల నాటి ఫోన్ సంగతి మరిచిపోతారు. నెట్‌వర్క్ ఎంత వేగంగా నడవాలో తేల్చేది మంచి లాప్‌టాప్ కాదు, అవే.

లెక్క చూడండి. ఒక ప్యాకెట్, అదే ఒక విడతలో పంపే డేటా ముక్క, 1500 బైట్లు అనుకోండి, అంటే 12,000 బిట్లు. 300 ఎంబీపీఎస్ లింకు మీద అది 40 మైక్రోసెకన్లలో పోతుంది. గేటు దగ్గర కెమెరాకి సిగ్నల్ అందక 6 ఎంబీపీఎస్‌కి దిగిపోయింది, దానికి అదే ప్యాకెట్ 2000 మైక్రోసెకన్లు. ఇద్దరికీ వంతులవారీగా ఒక్కో ప్యాకెట్ అనుకోండి. మిగతా ఖర్చులు వదిలేసినా, 2040 మైక్రోసెకన్లకి ఒక్కొక్కరికీ 12,000 బిట్లు. భాగిస్తే ఎంత? ఇంచుమించు 5.9 ఎంబీపీఎస్. 300 లింకున్న లాప్‌టాప్‌కీ 5.9, కెమెరాకీ 5.9! వీధి కొళాయి దగ్గర మనిషికో బిందె అని న్యాయంగానే వరస పెట్టారు, కానీ ఒకరి బిందె మూతి మరీ సన్నం. నీళ్లు నిండేదాకా అందరూ నిలబడాల్సిందే. 2003లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు 802.11బీ అనే ఆనాటి రకం వైఫై మీద ఈ వింతని లెక్కగట్టి చూపించారు. మందు ఏమిటంటే, ప్యాకెట్లు సమానంగా కాకుండా గాల్లో సమయం సమానంగా పంచడం. దాన్నే ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ అంటారు. కొన్ని రూటర్లలో బాగా చేస్తారు, కొన్నిట్లో సెట్టింగ్ పేరు మాత్రమే ఉంటుంది.

ఏది ఎలాంటిదో తేల్చడం కష్టం కాదు. లాప్‌టాప్ రూటర్ దగ్గర పెట్టి డౌన్‌లోడ్ కొలవండి. తర్వాత పాత ఫోన్‌ని దూరపు గదిలో పెట్టి, దాంట్లో కూడా డౌన్‌లోడ్ నడుపుతూ, లాప్‌టాప్‌ది మళ్లీ కొలవండి. సగం దగ్గర ఆగితే మంచి రూటర్. పదో వంతుకి పడితే పెట్టె మీద ఎంత పెద్ద అంకె ఉన్నా లాభం లేదు. రూటర్ రివ్యూలు చేసేవాళ్లలో చాలామంది ఈ పరీక్ష చేయరు. నాకు మాత్రం మొదట చూడాల్సింది ఇదే అనిపిస్తుంది.

ఇంకొకటి ఆలస్యం. మీ అబ్బాయో అమ్మాయో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. ఆదివారం పొద్దున్నే వీడియో కాల్. స్పీడ్ టెస్ట్‌లో 90 వస్తోంది, అయినా మనవడి మాట తెగుతూ ఉంటుంది. వీడియో కాల్‌కి స్పీడు పెద్దగా అక్కర్లేదు, 3, 4 ఎంబీపీఎస్ చాలు. కావాల్సింది ప్యాకెట్ వెంటనే వెళ్లడం. అదే సమయంలో పక్క గదిలో ఎవరి ఫోనో పెళ్లి వీడియోలు క్లౌడ్‌కి ఎక్కిస్తూ ఉంటుంది. రూటర్‌లో డేటా క్యూ కడుతుంది. మెమరీ చవకైంది కదా అని క్యూ చాలా పొడుగ్గా పెట్టారు. మీ మాట ఆ క్యూ చివర నిలబడుతుంది.

దీనికి జిమ్ గెటిస్ అనే ఇంజనీర్ బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టి ప్రచారం చేశారు. కాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో కోడెల్ అనే పద్ధతి చెప్పారు. క్యూ ఎంత పొడుగుందని కాకుండా, ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందని చూసే పద్ధతి. దాని నుంచి వచ్చిన ఎఫ్‌క్యూ-కోడెల్ 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది. రూటర్ సెట్టింగుల్లో స్మార్ట్ క్యూ అనో ఎస్‌క్యూఎం అనో కనిపిస్తే ఇలాంటిదే లోపల ఉండే అవకాశం ఉంది.

పరీక్ష సులువు. వైఫైలో ఉన్న ఒక కంప్యూటర్ నుంచి బయటి సర్వర్ ఒకదానికి పింగ్ పెట్టండి, అంటే చిన్న కబురు పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడండి. 10 మిల్లీసెకన్లు వస్తోందనుకోండి. ఇంకో పరికరం నుంచి పెద్ద ఫైలు అప్‌లోడ్ మొదలుపెట్టండి. పింగ్ 30, 40 దాకా పోతే ఫరవాలేదు. 300, 400 అయితే వీడియో కాల్ ఎందుకు తెగుతోందో దొరికిపోయింది. తర్వాత పింగ్‌ని బయటికి కాకుండా రూటర్‌కే పెట్టి మళ్లీ చూడండి. అప్పుడూ పెరిగితే ఆలస్యం గాల్లో ఉంది, పెరగకపోతే రూటర్ నుంచి బయటికి వెళ్లే క్యూలోనో దాని అవతలో. ఒక జాగ్రత్త: కంప్యూటర్ నుంచి మీ ఫోన్‌కి పింగ్ పెట్టి అంకె పెద్దదొచ్చిందని టెన్షన్ పడకండి. స్క్రీన్ ఆపిన ఫోన్ బ్యాటరీ కోసం రేడియోని నిద్రపుచ్చి, అప్పుడప్పుడూ లేపుతుంది. ఆ ఆలస్యం దాని నిద్రది.

రిపీటర్ల గురించి, అంటే రూటర్ సిగ్నల్‌ని అందుకుని మళ్లీ ముందుకు పంపే పెట్టెల గురించి త్వరగా చెప్పేస్తాను. ఒకే రేడియో ఉన్న రిపీటర్ అదే ఛానెల్లో విని, అదే ఛానెల్లో మళ్లీ చెప్పాలి. కాబట్టి స్పీడు సగానికి పడుతుంది. రెండు మూడు పెట్టెలు కలిసి ఒకే వైఫైగా పనిచేసే మెష్ సెట్లలో కొన్నిటికి పెట్టెల మధ్య మాటలకి వేరే రేడియో ఉంటుంది, అవి నయం. రెండో పెట్టెని సిగ్నల్ లేని గదిలో పెట్టడం అందరూ చేసే పని. అక్కడ దానికీ సిగ్నల్ ఉండదు. దారి మధ్యలో పెట్టాలి. వాటిని పరీక్షించేటప్పుడు వీడియో కాల్ పెట్టుకుని హాల్లోంచి చివరి గదికి నడవండి. కొన్ని ఫోన్లు మొదటి పెట్టెని పట్టుకుని వదలవు, రెండోదాని పక్కనే నిలబడినా సరే. ఆ తప్పు సగం ఫోన్‌ది, సగం మెష్‌ది.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, యాంటెనాలు ఎక్కువుంటే రేంజ్ పెరుగుతుందంటారు. ఎనిమిది యాంటెనాల రూటర్ చూశాను.

జవాబు: కొంత నిజం ఉంది బాబూ. లోపల వాటికి సరిపడా రేడియోలు ఉంటే వినికిడి మెరుగవుతుంది. చాలా ఫోన్లలో యాంటెనాలు రెండే. ఇంకోటి గుర్తుపెట్టుకో, రూటర్ గట్టిగా అరవగలదు, ఫోన్ అంత గట్టిగా అరవలేదు. దూరపు గదిలో గీతలు నిండుగా ఉంటాయి, నీ జవాబు మాత్రం రూటర్‌కి వినబడదు. అందుకే అప్‌లోడ్ కూడా విడిగా కొలవాలి.

ప్రశ్న: 6 గిగాహెర్ట్జ్ ఉన్న రూటర్ మా అల్లుడు అమెరికా నుంచి తెస్తానంటున్నాడు. తెమ్మంటారా?

జవాబు: వద్దనే చెప్తానమ్మా. అమెరికాలో 2020లోనే 5925 నుంచి 7125 మెగాహెర్ట్జ్ దాకా మొత్తం బ్యాండ్ వదిలారు. మన దగ్గర 2025 మేలో వచ్చిన ముసాయిదా నియమాల్లో ఉన్నది 5925 నుంచి 6425 దాకా మాత్రమే, అదీ తక్కువ పవర్‌తో. అక్కడి రూటర్ అక్కడి నియమాల ప్రకారం ఛానెళ్లు వాడుతుంది. ఇక్కడి మోడల్‌ని, ఇక్కడి వారంటీతో తీసుకోండి. ఆ పరికరం ఇండియాలో 6 గిగాహెర్ట్జ్‌ని ఆన్ చేస్తుందో లేదో కొనేముందు అడగండి. మీ ఫోన్లలో ఆ బ్యాండ్ ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే ఆ డబ్బు దండగ.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్నది వారంలోపు వెనక్కి పంపొచ్చు. ఆ వారంలో మాలాంటి వాళ్లు ఏం చూడాలి? ఈ ఐపెర్ఫ్ అవీ నావల్ల కాదు మాస్టారూ.

జవాబు: ఐపెర్ఫ్ లేకపోయినా ఒక పని చేయొచ్చండి. పాత రూటర్ పారేయకండి. రాత్రి తొమ్మిదింటికి, మీకు నెట్ బాగా ఇబ్బంది పెట్టే గదిలో ఫోన్ని ఒక స్టూలు మీద పెట్టండి. పాత రూటర్‌తో స్పీడ్ టెస్ట్ చేసి రాసుకోండి. అదే చోట కొత్తది పెట్టి చేయండి. మళ్లీ పాతది, మళ్లీ కొత్తది. ఇలా మార్చి మార్చి చేయడం ఎందుకంటే, పాతదన్నీ ఇవాళ, కొత్తదన్నీ రేపు చేస్తే, తేడా రూటర్‌దో పక్కింటి వాళ్లు ఊరెళ్లడందో తెలియదు. ఫోన్ని, స్టూలుని, తలుపుని కదపకండి. రెండు మూడు రాత్రులు చేయండి. కొత్తది ప్రతిసారీ స్పష్టంగా ముందుంటే ఉంచుకోండి. ఒకసారి ఇదీ ఒకసారి అదీ గెలుస్తుంటే వెనక్కి పంపేయండి. ఆ డబ్బుతో కేటగిరీ 6 నెట్‌వర్క్ తీగ ఒకటి ఆ గదిదాకా లాగించి, చివర పాత రూటర్‌నే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే తీగలో వచ్చే నెట్‌ని వైఫైగా ఇచ్చే పని మాత్రమే చేసేలా పెట్టించుకోండి. తీగ వేసిన కుర్రాడు వెళ్లిపోకముందే అది గిగాబిట్‌తో కనెక్ట్ అయిందా, 100తో అయిందా చూపించమనండి.